మారెన్ తినని కేకు

శుక్రవారం కేకు తెచ్చే వంతు ఆ వారం ఆస్గర్‌ది. ఆఫీసులో చేరి నెల కూడా కాలేదు కాబట్టి కాస్త గొప్పకు పోయాడు. రై ధాన్యపు రొట్టె పొడి, హేజెల్ గింజలు కలిపి కాల్చిన కేకు, మధ్యలో నల్లటి పళ్ళ జామ్, పైన గుట్టలా మీగడ. దక్షిణాన వాళ్ళ ఊళ్ళో నానమ్మ చేసే కేకట. ఆర్హూస్ నగర బస్సులకు టైమ్‌టేబుళ్ళు తయారుచేసే ఆ ఆఫీసులో అందరూ ప్లేట్లు పట్టుకుని లేచారు, కిటికీ పక్కన కూర్చున్న మారెన్ తప్ప.

ఆస్గర్ ఒక ముక్క కోసి స్వయంగా ఆమె దగ్గరికి తెచ్చాడు.

"థాంక్స్. నేను తినను," అంది మారెన్, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా.

"డైటింగా?"

"కాదు."

"మరి?"

"తిననంతే."

ఆమె ముందున్న గాజు డబ్బాలో ఉడికించిన బార్లీ, పచ్చి క్యారెట్టు, కాసిని వాల్‌నట్లు ఉన్నాయి. ఆస్గర్ మెడ సాచి చూశాడు.

"మా ఊళ్ళో కుందేళ్ళు ఇంతకంటే బాగా తింటాయి," అన్నాడు.

చుట్టూ నవ్వులు. మారెన్ అప్పుడు తలెత్తింది. బూడిదరంగు కళ్ళు, వాటిలో ఇసుమంతైనా నవ్వు లేదు.

"మీ ఊరి కుందేళ్ళకి పక్కవాళ్ళ డబ్బాలోకి తొంగిచూసే అలవాటు కూడా ఉందా?"

ఈసారి నవ్వులు ఇంకా పెద్దగా వినిపించాయి. ఆస్గర్ చెవులు ఎర్రబడ్డాయి. కేకు ముక్క పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయాడు. మారెన్ డబ్బా మూత పెట్టేసింది, ఆ పూట ఇంకేం తినలేదు.

మట్టిలోంచి, చెట్టు మీంచి, సముద్రంలోంచి ఏ రూపంలో వచ్చిందో ఆ రూపంలో కొనుక్కుని తన చేత్తో వండుకున్నదే మారెన్ తింటుంది. చక్కెర లేదు, మైదా లేదు, ప్యాకెట్టు లేదు. రెండేళ్ళుగా అంతే. ఎవరింటికైనా వెళ్తే తినేసి వెళ్తుంది. రెస్టారెంట్‌కి పిలిస్తే ఆకలి లేదంటుంది. పొగరని ఆఫీసులో అనుకుంటారు. అనుకోనీ అని వదిలేసింది.

సోమవారం సాయంత్రం వాన. సైకిళ్ళ షెడ్డు కింద మారెన్ వాన తగ్గేదాకా నిలబడింది. ఆస్గర్ తడుస్తూ వచ్చి, కోటు లోపల్నుంచి న్యూస్‌పేపర్‌లో చుట్టిన పొట్లం ఒకటి తీశాడు. విప్పితే క్యాబేజీ. దాని వేళ్ళకు ఇంకా మట్టి ఉంది.

"ఇదేంటి?"

"సారీ. పువ్వులు కొందామనుకున్నా. నువ్వు తినవేమోనని డౌటొచ్చింది."

మారెన్ పెదాలు బిగబట్టింది. లాభం లేకపోయింది, నవ్వొచ్చేసింది.

"లేబుల్ లేదు. చదవక్కర్లేదు," అన్నాడతను ధైర్యం తెచ్చుకుని. "తోటవాడి పేరు కావాలంటే చెప్తా."

అలా మొదలైంది. శనివారాలు ఇద్దరూ కలిసి సంతకు వెళ్ళేవారు. ఆస్గర్‌కి వంట రాదు. అయినా బీట్‌రూట్లు తొక్కతో సహా ఓవెన్‌లో పెట్టి, కత్తి దిగేదాకా కాపలా కాయడం నేర్చుకున్నాడు. వాళ్ళ మొదటి ముద్దుకి వెల్లుల్లి వాసన. "చక్కెర లేకపోయినా ఇది బానే ఉంది," అన్నాడతను. మారెన్ సిగ్గుపడి తువ్వాలుతో కొట్టింది.

ఎందుకిలా తింటావని అతను రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ "అలవాటు" అంది. మొండిది అనిపించుకోవడం ఆమెకు ఫర్వాలేదు. రోగిష్టిది అనిపించుకోవడమే భయం. రేపు చెప్దాం అనుకునేది. రేపు అతను ఇంకాస్త నచ్చేవాడు, చెప్పడం ఇంకాస్త కష్టమయ్యేది.

అక్టోబరులో ఆస్గర్ ఓ కబురు తెచ్చాడు.

"నానమ్మ పుట్టినరోజు. నిన్ను చూడాలంటోంది. కాఫీ బల్ల వేస్తుంది."

దక్షిణాన కాఫీ బల్ల అంటే ఏమిటో మారెన్‌కి తెలుసు. వెన్న రాసిన బన్నులతో మొదలై, మెత్తటి కేకులన్నీ అయి, గట్టి బిస్కెట్లదాకా సాగుతుంది. ఒక్కటి వదిలేసినా ఇంటావిడ మొహం చిన్నబోతుంది.

"ఒక్క ముక్క తిను చాలు. నానమ్మ కోసం," అన్నాడు ఆస్గర్ తేలిగ్గా.

మారెన్ సరేనంది. ఎందుకందో ఆమెకే తెలియలేదు. ఆ వారమంతా రాత్రిళ్ళు సరిగ్గా నిద్ర లేదు. జలుబు చేసిందని చెప్పేద్దామా? పని ఉందందామా? చివరికి గాజు డబ్బాలో ఉడికించిన పప్పు గింజలు పెట్టుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని రైల్లో కూర్చుంది. కిటికీ బయట పొలాలు సాగిపోతుంటే ఆస్గర్ ఊరు గురించి ఏదేదో చెబుతున్నాడు. ఆమె ఊ కొడుతోంది. రైలు ఆగిన ప్రతి స్టేషన్లోనూ దిగిపోవాలనిపించింది.

హోయర్ ఊరవతల, సముద్రపు గట్టుకు దగ్గర్లో ఎర్ర ఇటుకల ఇల్లు. గట్టు మీద గొర్రెలు. నానమ్మ బొదిల్ గుమ్మంలోనే మారెన్ రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడకు చెవుడు. మిషను పెట్టుకుంటే గోలగా ఉంటుందని పెట్టుకోదు.

"సన్నగా ఉన్నావమ్మాయ్. ఇవాళ ఆ సంగతి చూద్దాం," అందావిడ.

బల్ల నిండా చుట్టాలు. మారెన్‌కి ఒక పక్క ఆస్గర్, రెండో పక్క అతని మేనత్త గ్రెటె. బన్నును మారెన్ చిదిపి, కాఫీ కప్పు పక్కన అటూ ఇటూ జరుపుతూ గడిపేసింది. తర్వాత రై కేకు వచ్చింది. నానమ్మ తన చేత్తోనే ప్లేటులో వేసి, ఎదురుగా కూర్చుని, కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది.

మారెన్ ఫోర్కుతో ఒక తునక తీసింది. నోటిదాకా తెచ్చింది. మళ్ళీ ప్లేటులో పెట్టేసింది. అదే క్షణంలో పక్కింటి వాళ్ళెవరో వచ్చి నానమ్మను ముద్దుపెట్టుకోవడంతో అందరి చూపూ అటు తిరిగింది. ఏం చేస్తోందో ఆలోచించకుండానే మారెన్ ఒళ్ళో సంచీలో ఉన్న డబ్బా మూత తీసి, ముక్కంతా అందులోకి జార్చేసింది.

నానమ్మ ఇటు తిరిగేసరికి ప్లేటు ఖాళీ. ఆవిడ మొహం వెలిగిపోయింది. వెంటనే యాపిల్ కేకు వడ్డించింది. అదీ డబ్బాలోకే పోయింది. ఆ తర్వాత క్రీమ్ రోల్. డబ్బాలో చోటు లేక మూత పడటం లేదు.

"ఏంటమ్మా అది?" గ్రెటె అత్త టేబుల్ క్లాత్ కిందకి వంగింది.

మారెన్ రెండు చేతులతో మూత అదిమి పట్టుకుంది.

గ్రెటె అత్త నిటారుగా కూర్చుని, తల్లికి వినబడేలా కేకపెట్టింది. "అమ్మా, ఈ పిల్లకి నీ కేకులు ఎంత నచ్చాయో చూడు. ఇంటికి పట్టుకెళ్ళడానికి దాచుకుంటోంది."

బల్లంతా నవ్వింది. ఎగతాళి కాదు, ముద్దుగా నవ్వారు. అదే మారెన్‌కి భరించరానిదైంది. నానమ్మ అప్పుడే లేచి అలమరలోంచి పెద్ద రేకు డబ్బా తీస్తోంది. "సిగ్గెందుకమ్మాయ్. అడిగితే ఇవ్వనా?"

ఆస్గర్ ఒక్కడే నవ్వలేదు.

"గొర్రెల్ని చూపిస్తా, రా," అన్నాడు.

పెరట్లో పడమటి గాలి, దాంతోపాటు ఏటవాలుగా సన్నటి వాన. తలుపు మూసుకోగానే అతను అడిగాడు.

"తిననని చెప్తే సరిపోయేదిగా. దాచడమేంటి?"

"ఒక్క ముక్క తినమంది నువ్వే."

"కాదనుంటే ఏదో పోట్లాడుకునేవాళ్ళం, అయిపోయేది. ఇప్పుడు ఆవిడ లోపల నీకోసం డబ్బా నింపుతోంది, మారెన్. పొద్దున నాలుగింటికి లేచి చేసింది అవన్నీ."

"తెలుసు. అందుకే చెప్పలేకపోయా."

"అసలు నాకర్థం కాదు. ఒక్క ముక్క తింటే ఏమవుతుంది? చచ్చిపోతావా?"

మారెన్ గొర్రెల వైపు తిరిగింది.

"ఏమో. తెలీదు," అంది.

అతను ఆమె వైపు తిరిగాడు.

"రెండేళ్ళ కిందట నా పేగు కొంత కోసి తీసేశారు. నెలల తరబడి హాస్పిటల్లోనే ఉన్నా. ఇప్పుడు మందులు వాడుతున్నా. మందుల వల్లే బాగున్నావంటుంది డాక్టరు, తిండి మీద ఇంత కట్టడి అక్కర్లేదంటుంది. నాకేమో తిండి వల్లే అనిపిస్తుంది. ఏది కాపాడుతోందో తెలీదు ఆస్గర్. తెలీదు కాబట్టి దేన్నీ వదల్లేను."

వాన అతని కళ్ళజోడు మీద పడుతోంది. తుడుచుకోలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఇదివరకు ఒకతనికి చెప్పా. ఆ తర్వాత ముద్దు పెట్టుకునే ముందు కూడా ఒంట్లో ఎలా ఉందని అడిగేవాడు. కొన్నాళ్ళకి అడగడానికి కూడా రాలేదు." ఆమె స్వెట్టర్ చేతులు వేళ్ళమీదికి లాక్కుంది. "నువ్వూ అలాగే చూస్తావని. ఇదిగో, ఇప్పుడు చూస్తున్నట్టు."

"ఇప్పుడు నాకేం కనబడట్లేదు. అద్దాల మీద వాన."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అతను కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు కోపంగా ఉంది, మారెన్. జబ్బు చేసిందని కాదు. ఇన్నాళ్ళూ నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని నువ్వొక్కదానివే భయపడ్డావు చూడు, అందుకు. నేను పిచ్చోడిలా బీట్‌రూట్ల మీద జోకులేసుకుంటూ కూర్చున్నా." తడి జుట్టు వెనక్కి నెట్టుకున్నాడు. "ఒక్క ముక్క తినమనకుండా ఉండాల్సింది. ఇప్పుడు స్టేషన్‌కి వెళ్దామన్నా సరే, లోపలికి వెళ్దామన్నా సరే. నువ్వేదంటే అది."

స్టేషన్ అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. కిటికీలోంచి నానమ్మ కనబడుతోంది, రేకు డబ్బాకి రిబ్బన్ కడుతూ.

"లోపలికే," అంది మారెన్. తలుపు తనే తీసింది.

గుమ్మం దాటగానే నానమ్మ డబ్బా చేతిలో పెట్టబోయింది. మారెన్ తీసుకోలేదు.

"నానమ్మగారూ, నేనివి తినలేనండీ."

"వినలేవా? నాకూ వినబడదమ్మాయ్."

"తినలేను. నాకు జబ్బు చేసింది."

"డబ్బా? డబ్బెందుకు, ఊరికే ఇస్తున్నా."

ఎవరో కిసుక్కుమన్నారు. మారెన్ ఊపిరి గట్టిగా పీల్చుకుంది.

"జబ్బు," అని అరిచింది. "పేగు జబ్బు. ఆపరేషన్ అయింది. చక్కెర, మైదా తినాలంటే నాకు భయం. మీ మనసు నొప్పించలేక దాచేశా. తప్పు చేశా."

చెంచాల చప్పుడు ఆగిపోయింది. రెండేళ్ళుగా ఆఫీసులో ఏ ఒక్కరికీ తెలియనివ్వని మాట, పేర్లు కూడా సరిగ్గా తెలియని వాళ్ళందరూ విన్నారు. ఆస్గర్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. చెయ్యి పట్టుకోలేదు, భుజానికి భుజం తగిలేలా నిలబడ్డాడంతే.

నానమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"అంటే నా కేకు ఎలా ఉందో నీకు తెలీదన్నమాట."

"తెలీదండీ."

"ఈ బల్ల దగ్గర కూర్చుని తినకుండా లేచినవాళ్ళు ఇంతవరకూ లేరు."

ఆవిడ డబ్బాను గ్రెటె చేతిలో పెట్టి, ఇంకో మాట లేకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల గిన్నెల చప్పుడు.

"కోపమొచ్చింది," అని గ్రెటె అత్త గొణిగింది.

మారెన్ కొక్కేనికి ఉన్న కోటు వైపు చెయ్యి చాచింది. కళ్ళలో నీళ్ళు ఆగడం లేదు. రాకుండా ఉండాల్సింది, చెప్పకుండా ఉండాల్సింది, అసలు ఆ క్యాబేజీ తీసుకోకుండా ఉండాల్సింది.

"అమ్మాయ్," వంటింట్లోంచి కేక. "బంగాళాదుంప తింటావా?"

మారెన్ చెయ్యి అలాగే ఆగిపోయింది. "తింటానండీ."

"గట్టిగా చెప్పు."

"తింటానూ."

"వెన్న?"

"తింటాను."

"మరి రాగానే చెప్పడానికేం? పొద్దున పెరట్లో తవ్వినవి గంపెడున్నాయి."

దుంపలు ఉడికేదాకా చుట్టాలు కేకులు తిన్నారు, మెల్లగా మాటలు మొదలయ్యాయి. నానమ్మ గిన్నె తెచ్చి, ఆస్గర్‌ని ఇంకో కుర్చీలోకి తరిమి, మారెన్ పక్కన తాను కూర్చుంది. ఆమె ప్లేటులో రెండు దుంపలు వేసింది. తన ప్లేటులో మూడు వేసుకుంది.

"నీకో మాట చెప్తా, గ్రెటెకి చెప్పకు," అంది రహస్యంగా. చెవుడున్న వాళ్ళ రహస్యం కదా, గట్టుమీది గొర్రెలకు కూడా వినబడింది. "నాకూ ఈ కేకులంటే మొహం మొత్తింది. ఏటా ఇవే. ఎవరితో చెప్పుకోను?"

గ్రెటె అత్త నోరు తెరిచి మూసుకుంది. బల్ల చుట్టూ నవ్వులు చెలరేగాయి. మారెన్ కూడా నవ్వుతూ తొక్కతో సహా ఒక దుంప ముక్క నోట్లో పెట్టుకుంది. కడుపులో భయం పోలేదు. రేపు పొద్దున్న లేవగానే అది మళ్ళీ అక్కడే ఉంటుందని ఆమెకు తెలుసు. కాని దాన్ని దాచుకోవడానికి ఇప్పుడు సంచీ అక్కర్లేదు.

"వచ్చే ఏడు వస్తావా?" అడిగింది నానమ్మ.

మారెన్ ఆస్గర్ వైపు చూసింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"వస్తుంది నానమ్మా," అన్నాడతను గొంతు పెంచి. "నేను తీసుకొస్తా. ప్రేమిస్తున్నా తనని."

"ఏం చేస్తున్నావూ?"

"ప్రేమిస్తున్నా."

"మొదటిసారే వినబడింది. ఈ అమ్మాయికి సరిగ్గా వినబడిందో లేదోనని." నానమ్మ ఫోర్కు మారెన్ వైపు తిప్పింది. "మరి నువ్వో?"

"నేను కూడా," అంది మారెన్ తల వంచుకుని.

"ఆఁ?"

మారెన్ తలెత్తి, ఆస్గర్ కళ్ళలోకి చూస్తూ, గోడ మీది ప్లేట్లు గలగలలాడేంత గట్టిగా ఆ మాట చెప్పింది. ఈసారి చివరి అక్షరందాకా చెప్పింది.