పెడల్ మీద పాదం

“తొక్కు!” రిపేరు పాకలో నిలిపిన వ్యాను కింద నుంచి ఫిట్టర్ బెకో అరిచాడు.

సెర్వా బ్రేకు పెడల్ తొక్కింది.

“పట్టుకున్నావా?”

“పట్టుకున్నా బాబాయ్!”

స్పానరు కిర్రుమంది. ఆయిల్ బుసబుసమంటూ బుడగలతో సహా డబ్బాలో పడింది. సెర్వా పాదం కింద పెడల్ మెల్లగా దిగిపోయింది.

“నట్టు బిగించాను. ఇప్పుడు వదులు.”

సెర్వా వదిలింది. పదేళ్ల సెర్వాకు ఇంత ముఖ్యమైన పని ఇంతవరకూ ఎవరూ అప్పజెప్పలేదు.

వ్యాను ఓఫోసు మామయ్యది. వెనక అద్దం మీద ‘తొందరేముంది?’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. మామయ్యకు మాత్రం ఎప్పుడూ తొందరే. ఆ ఉదయం బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా కిందిదాకా దిగిపోయింది. చూస్తే వెనక చక్రం దగ్గర రబ్బరు గొట్టం చిట్లి ఆయిల్ కారుతోంది. బెకో కొత్త గొట్టం వేశాడు. ఇక లోపల చేరిన గాలిని బయటికి పంపాలి. మామయ్య బానెట్ ఎత్తి, లోపలి బ్రేకు ఆయిల్ డబ్బా ఖాళీ కాకుండా పోస్తున్నాడు. పెడల్ తొక్కడానికి ఇంకో మనిషి కావాలి. అలా సెర్వాకు డ్రైవర్ సీటు దక్కింది.

“నేను చెప్పేదాకా కాలు ఎత్తకు,” అని బెకో ముందే హెచ్చరించాడు. “చక్రం దగ్గరి నట్టు తెరిచి ఉండగా ఎత్తావంటే గాలి మళ్లీ లోపలికి పోతుంది. ఎంత నొక్కినా ఆయిల్ అణగదు. గాలి అణిగిపోతుంది. అప్పుడు పెడల్ దిగుతుంది కానీ బండి ఆగదు.”

మూడు చక్రాలు అయ్యాయి. నాలుగోది జరుగుతుండగా ఆంపోమా బామ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆ రోజు ఆమెకు కంటి ఆపరేషన్. కొండ కింద ఆసుపత్రికి రాజధాని నుంచి కంటి డాక్టర్లు వచ్చారు. సాయంత్రం వెళ్లిపోతారు. మళ్లీ వచ్చేది వచ్చే ఏడాదే. ఊళ్లోని మిగతా వ్యాన్లన్నీ తెల్లవారకముందే సంతకు దిగిపోయాయి.

“బాగున్నారా పిల్లలూ?” అంది బామ్మ.

ఆ ఊళ్లో పెద్దవాళ్లు పలకరిస్తే పిల్లలు కూర్చుని జవాబు చెప్పకూడదు. నోటికంటే ముందు కాళ్లు లేవాలి. సెర్వా కాళ్లు లేచాయి.

“దండాలు బామ్మా!”

వ్యాను కింద బెకో కూడా అటు తల తిప్పి, “దండాలు పెద్దమ్మా!” అన్నాడు.

“చూశావా ఓఫోసూ? నా కళ్లకు మనుషులు కనిపించకపోయినా మర్యాద కనిపిస్తుంది. నీ మేనకోడలి దగ్గర ఉంది. నీ గొంతు మాత్రం ఇంకా వినిపించలేదు.”

సెర్వా మురిసిపోయింది. అప్పుడు చూసుకుంది. పెడల్ మీద పాదం లేదు!

గబుక్కున మళ్లీ తొక్కింది. ఎవరూ చూడలేదు. ‘ఒక్క క్షణమేగా’ అనుకుంది.

“బిగించాను, వదులు,” అన్నాడు బెకో.

తర్వాత అతనే లేచి వచ్చి పెడల్ నొక్కి చూశాడు. ముఖం చిట్లించాడు. మళ్లీ నొక్కాడు.

“ఇంకా మెత్తగానే ఉంది. ఎక్కడా కారడం లేదు, గాలంతా తీసేశాను. అంటే మాస్టర్ సిలిండర్ పోయినట్టే. ఆయిల్‌ను చక్రాలకు తోసేది అదే. కొత్తది కుమాసి పట్నం నుంచి రావాలి. రేపటికి వస్తుంది.”

మామయ్య నీరుగారిపోయాడు. “ఈ బ్రేకుతో నేను కొండ దిగలేను బామ్మా.”

“వద్దు నాయనా. కన్ను కోసం వెళ్లి కాళ్లూ చేతులూ పోగొట్టుకోవడమెందుకు?” బామ్మ బెంచీ మీద కూర్చుని మూట ఒళ్లో పెట్టుకుంది. “రండి, ఈ మొక్కజొన్న కెంకీ ముద్దలు తిందాం. ఆపరేషన్ ముందు తినకూడదన్నారని దాచాను. ఇక దాచడమెందుకు?”

నవ్వుతూనే అంది. కానీ మూట ముడి ఎక్కడుందో ఆమె వేళ్లు చాలాసేపు తడుముకున్నాయి.

బెకో సిలిండర్ విప్పడానికి స్పానరు తీశాడు.

సెర్వా ఇంకా కెంకీ ముట్టుకోలేదు. ఆ స్పానరు వైపే చూస్తోంది. చెబితే మామయ్య తిడతాడు. మెచ్చుకున్న బామ్మ ముందే పరువు పోతుంది. చెప్పకపోతే?

“బాబాయ్, విప్పకు!” అంది. “నాలుగో చక్రం దగ్గర... బామ్మకు దండాలు చెప్పినప్పుడు నా కాలు లేచింది. నీకు చెప్పలేదు.”

మామయ్య నోరు తెరిచాడు. బెకో స్పానరు అడ్డం పెట్టాడు.

“ఆగు. తిట్టడానికి తొందరేముంది? ఈ పిల్ల చెప్పకపోతే శుభ్రంగా ఉన్న సిలిండర్‌ను పీకి పారేసేవాణ్ణి. అప్పుడు నేనూ తల తిప్పాను, నా తప్పూ ఉంది. థాంక్స్ సెర్వా. ఎక్కు.”

“అయితే బ్రేకులో గాలి దూరింది నా పలకరింపుకా!” అంది బామ్మ. “నా నోటికి అంత బలం ఉందని మా ఆయన ఎప్పుడూ అనేవాడు. ఎక్కు తల్లీ. ఇక నేను ఉలకను, పలకను.” కెంకీని మళ్లీ మూట కట్టేసింది.

“తొక్కు!”

“పట్టుకున్నా!”

బుడగలు వచ్చాయి. మళ్లీ తొక్కింది. మళ్లీ వచ్చాయి. సెర్వా పిక్క వణకసాగింది. చెమటకు మడమ తడిసింది. నట్టు తెరిచి ఉండగానే పాదం సర్రున పక్కకు జారింది. బెకో వ్యాను కింద ఉన్నాడు, మామయ్య బానెట్ వెనక. ఈసారీ ఎవరూ చూడలేదు.

“జారింది!” సెర్వా గట్టిగా అరిచింది. “బాబాయ్, నా కాలు జారింది!”

స్పానరు టక్కున తిరిగింది. “బిగించాను. మంచిదైంది చెప్పావు. మళ్లీ తొక్కు.”

అంతే. ఎవరూ తిట్టలేదు. సెర్వా కళ్లు తుడుచుకుని తొక్కింది. బుడగలు ఆగిపోయి, ఆయిల్ ఒక్కటే వచ్చేదాకా తొక్కింది. చివరికి పెడల్ కొంచెం దిగి రాయిలా ఆగిపోయింది.

మామయ్య పాకలోంచి వ్యాను బయటికి తీసి, నాలుగుసార్లు బ్రేకు వేసి చూశాడు. వచ్చి సెర్వా తల నిమిరాడు. వెంటనే బామ్మను ఎక్కించడానికి పరిగెత్తాడు, ఎప్పటిలాగే తొందర మరి.

బామ్మ ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి చెయ్యి చాపి, సెర్వా చెంప తడిమింది.

“కట్టు విప్పగానే ముందు నీ ముఖం చూస్తాను. తర్వాత ఓఫోసుది, తప్పదు కదా!”

వ్యాను కదిలింది. సెర్వా, బెకో రోడ్డు అంచున నిలబడి చూస్తున్నారు. ఏటవాలులో వ్యాను వేగం అందుకుంది. మొదటి మలుపు దగ్గర వెనక ఎర్ర దీపాలు వెలిగాయి. వ్యాను నెమ్మదించి, బుద్ధిగా మలుపు తిరిగింది.