నలభై ఏడు నిమిషాలు

మా విమానాశ్రయం అంటే కొండ మీద ఒక రన్‌వే, రెండు గదులు, ఒక రేడియో సెట్టు, నేను. కొండల అవతల ఇంకొకటుంది, అదీ అంతే. మధ్య దూరం నూట అరవై ఎనిమిది కిలోమీటర్లు, ప్రయాణం నలభై ఏడు నిమిషాలు. రోజుకొక్క చిన్న విమానం. నడిపేది మా తమ్ముడు.

అవతల రన్‌వే దీపాలు వేసేదీ, సెట్టు దగ్గర కూర్చునేదీ ఒక్కడే. నిమిషం తేడా రానివ్వడని టైంబాబు అని పేరు పెట్టాను. పదకొండేళ్ళలో ముఖం చూసింది లేదు గానీ, నా మోకాలి నొప్పి నుంచి తమ్ముడి పెళ్ళిసంబంధాల దాకా అన్నీ చెప్పుకున్నాను. విమానం దిగగానే "దిగింది" అని నా ఫోన్‌కి సందేశం పంపుతాడు. అది వస్తే సెట్టు కట్టేసి ఇంటికెళ్తాను. రాకపోతే వెతకడానికి మనుషుల్ని పంపాలి.

ఆ రోజు మూడూ పదికి తమ్ముడు బయల్దేరాడు. కాసేపటికే మబ్బు దిగి కిటికీ అద్దాలకు ఆనుకుంది. గదంతా తడి ఇనుము వాసన. సరిగ్గా 3:57కి "దిగింది" అని వచ్చింది. రిజిస్టర్లో రాసి, సంచీ సర్దుకున్నాను.

నాలుగూ ఇరవైకి సెట్టు గరగరలాడింది.

"అక్కా..." గుసగుసగా. "మబ్బులోనే తిరుగుతున్నా. దీపాలు కనపడట్లేదు. వెయ్యమని చెప్పు."

నేలమీద ఉన్నవాడు ఆకాశంలోంచి ఎలా మాట్లాడతాడు?

"నువ్వు దిగావు కదరా," అన్నాను.

గరగర... గరగర...

"ఎక్కడ?"

గొంతు వాడిదే. కానీ వాడు కాదు... కాలేడు. సెట్టు కట్టేశాను. తలుపు తాళం కూడా వెయ్యకుండా ఇంటికి పరిగెత్తాను.

తెల్లారాక టైంబాబు ఫోన్ చేశాడు. ఏడుస్తున్నాడు. "ఎప్పుడూ నలభై ఏడు నిమిషాలేగా అక్కయ్యా. ఇంట్లో పనుండి, 3:57కి సందేశం దానంతటదే వెళ్ళేలా పెట్టేసి ముందే వెళ్ళిపోయా. పొద్దున వచ్చి చూస్తే విమానం లేదు..."

మూడో రోజు కొండల్లో దొరికింది. ట్యాంకులో చుక్క లేదు.

కళ్ళు మూసుకుని నమ్మినందుకు టైంబాబు నట్టేట ముంచాడు. ఈ జన్మలో వాణ్ణి క్షమించను. కానీ సొంత తమ్ముడు మాట్లాడుతుంటే, ఆ టైంబాబు సందేశాన్ని నమ్మింది నేనే. ఆ సంగతి ఇంతవరకు అమ్మకు చెప్పలేదు.

ఇప్పుడు అవతల వేరే మనిషి. విమానానికి కొత్త పైలట్, మర్యాదస్తుడు, మేడం తప్ప ఇంకో పిలుపు తెలీదు. నేను సందేశాలు ఒప్పుకోను. దిగానని పైలటే తన నోటితో చెప్పాలి.

ఈరోజు మళ్ళీ అదే మబ్బు. అదే వాసన. 3:57 అయింది. సెట్టు గరగరలాడింది.

"దిగాను అక్కా. సెట్టు కట్టెయ్."

నేను కదల్లేదు.

"ఈసారైనా... నా మాట నమ్మవా?"