పైనుంచి దిగిన చూపు

కత్తెర బాబాయ్‌కి ముఖం చూపించి ఎవరని అడిగితే తడుముకుంటాడు గానీ, నడినెత్తి చూపిస్తే ఎవరి తలో ఇట్టే చెప్పేస్తాడు. కటింగ్ షాపులో ఇన్నేళ్ళూ ఆయన చూసింది సుళ్ళనే మరి. రెండు సుళ్ళున్న కుర్రాడు కుర్చీలో కూర్చుంటే చాలు, "నీకు రెండు పెళ్ళిళ్ళ యోగం రా" అని ఆటపట్టించేవాడు.

బాబాయ్‌కి ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది. ఉన్న ఒక్క కుడికంట్లో వెనకాల పొర ఊడి, చూపు మీద నల్లటి తెర దిగింది. డాక్టరమ్మ ఆపరేషన్ చేసి, పొర మళ్ళీ అతుక్కునేందుకు కంట్లో గ్యాసు నింపింది.

"బోర్లా పడుకోవాలి. గ్యాసు తగ్గేకొద్దీ పైనుంచి కిందికి చూపు తెరుచుకుంటుంది. వెల్లకిలా మాత్రం పడుకోకండి. పొర మళ్ళీ ఊడిందంటే ఇక నా చేతిలో ఏమీ ఉండదు," అంది.

కన్ను పోతే కత్తెర పోయినట్టే. బాబాయ్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిండులో ముఖం దూర్చాడు.

ఒక మధ్యాహ్నం చుక్కల మందు వేయించుకోవడానికి లేచి కూర్చుంటే, చూపు పైఅంచున సన్నని వెలుగు కనిపించింది. దాని కింద గ్యాసు గీత గ్లాసులో నీళ్ళలా ఊగుతోంది. ఆ వెలుగులో ఒక నడినెత్తి.

"ఎదురుగా కూర్చున్నావేమే?"

"నేను వంటింట్లో ఉన్నానయ్యా!" అని భార్య కేకేసింది.

సుడి ఎడమకు తిరిగి ఉంది. ఊళ్ళో ఆయన చెయ్యి పడని తల లేదు. ఈ తలను మాత్రం ఎరగడు.

మర్నాడు గీత కిందికి జారింది. నుదురు కనిపించింది. ఆ తరువాత కనుబొమలు. రెప్ప మూసినా పోలేదు. భార్యతో చెబితే, "నీకు మత్తుమందు ఇంకా దిగలేదు" అని నవ్వేసి మందుల షాపుకి వెళ్ళింది.

ఇంట్లో ఒక్కడే, మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆరని బట్టల ముక్కవాసన వేసింది. గీత ఇంకాస్త జారింది. కనుబొమల కింద, కళ్ళుండాల్సిన చోట... ఏమీ లేదు. అప్పుడే గీసిన చెంపలా నున్నగా ఉంది. ఆ ముఖం దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికి...

బాబాయ్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. కత్తెర పోతే పోనీ. షాపు పోతే పోనీ. వెల్లకిలా పడిపోయి, "నాకొద్దు! నాకీ కన్నొద్దు!" అని మొత్తుకున్నాడు.

"వద్దా?" చెవి పక్కనే గుసగుస. "నిజంగా?"

"వద్దు..."

చీకటి. ముఖం లేదు, గీత లేదు, వెలుగు లేదు. బాబాయ్ ఏడుస్తూనే ఊపిరి పీల్చుకున్నాడు.

తిరిగొచ్చిన భార్య, వెల్లకిలా పడున్న మొగుణ్ణి చూసి లబోదిబోమంటూ ఆస్పత్రికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూసింది.

"అదృష్టవంతులండీ. పొర గట్టిగా అతుక్కుంది. గ్యాసే, ఇంత తొందరగా ఎలా పోయిందో... ఏదీ, నా వేలు చూడండి. ఇటు... అటు. భేష్!"

"అమ్మా, నాకేమీ కనబడట్లేదు."

డాక్టరమ్మ నవ్వింది. "సరదాకైనా అలా అనకండి. వేలు ఎటు తిప్పితే కన్ను అటు తిప్పుతున్నారుగా!"

భార్య ఆనందం పట్టలేక ఏడ్చేసింది. "నన్నే చూస్తున్నావు కదయ్యా! ఇదిగో, ఇటొచ్చాను... ఇప్పుడూ నన్నే చూస్తున్నావు!"

బాబాయ్ ఎటూ చూడటం లేదు. నల్లటి చీకట్లో ఆయనకు తెలుస్తున్నదల్లా, రెప్పల మధ్య గుడ్డు దానంతటదే మెల్లగా ఆమె వెంట తిరగడం.