వరసలో చివరి చెయ్యి

పెద్దకోడలు ఆ సాయంత్రం తన తోటికోడల్ని చీకట్లో వదిలేసి పారిపోయింది. పారిపోవడమొక్కటే అయితే పిరికితనమని సరిపెట్టుకోవచ్చు. పోతూ పోతూ ఇంకో పని కూడా చేసింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియకపోగా, ఆ సాయంత్రం గురించి అందరూ ఆమెని మెచ్చుకుంటారు. మెచ్చుకున్నప్పుడల్లా తల ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తోచదు.

ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పొద్దున్నే పరగడుపున వచ్చి వరసగా కూర్చునేవాళ్ళ చేతులు పట్టుకుని, నరం వెతికి, సూది గుచ్చడం ఆమె పని. మొహాలు గుర్తుండవు గానీ చేతులు గుర్తుంటాయి. చిన్నకోడలు బడిలో లెక్కల టీచరు. ఆమె ఒక్క చూపు చూస్తే తరగతిలో ఆకతాయిలు నోళ్ళు మూసుకుంటారు. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో పైనా కిందా ఉంటారు కాబట్టి, తోటికోడళ్ళకి పోట్లాట లేకపోయినా పోటీ ఉంది. సోఫా రంగులో గెలుపు చిన్నకోడలిది. వంటింటి గట్టు పెద్దకోడలిది. పోయినేడు పిక్నిక్ మళ్ళీ చిన్నకోడలిదే.

అందుకని ఈసారి శుక్రవారం సాయంత్రం విమానమెక్కి ఆదివారానికి తిరిగొచ్చేలా పక్క దేశంలో ఏదైనా పాత ఊరు చూసొద్దామనుకున్నప్పుడు, ఊరు ఎంచే వంతు తనదేనని పెద్దకోడలు ముందే తీర్మానించుకుంది. అన్నదమ్ములు మేం రామన్నారు. భోజనాలయ్యాక బల్ల మీద లాప్‌టాప్ తెరిచారు.

"ఇది చూడక్కా, సముద్రం ఒడ్డున కోట ఊరు," అంది చిన్నకోడలు. "గోడ మీదే ఊరంతా చుట్టి రావచ్చు. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క ఎర్ర పెంకుల ఇళ్ళు. మధ్యలో కూర్చుని కాఫీ తాగొచ్చు."

"కాఫీ కోసం విమానం ఎక్కాలా? మన వీధి చివరే దొరుకుతుందిగా."

"సరే, నీ ఊళ్ళో ఏముందో చెప్పు."

"కొండ మీద ఊరు. ఆ ఊరి కింద ఇంకో ఊరు. శత్రువులు చుట్టుముట్టినప్పుడు జనమంతా రాతిలో దారులు తొలిచి నెలల తరబడి దాక్కున్నారట. అదీ చరిత్రంటే. గోడలదేముంది, ఎవరైనా కడతారు."

"ఎవరైనా కట్టేదైతే మన ప్రహరీ గోడ ఇన్నాళ్ళూ సగంలోనే ఎందుకు ఆగిపోయిందొదినా?" అన్నాడు మరిది.

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో పెద్దకోడలికి పంతం ఇంకా పెరిగింది. నిజానికి ఆ కొండ ఊరంటే ఆమెకి పెద్ద ఇష్టమేమీ లేదు. చిన్నకోడలు ఎంచింది కాకపోతే చాలు.

గిన్నెలు సర్దుతున్నప్పుడు చిన్నకోడలు మెల్లగా అంది. "అక్కా, నవ్వనంటే ఒకటి చెప్తా. నాకు చీకటంటే పడదు. చిన్నప్పుడు బళ్ళో సామాన్ల గదిలో ఉండగా చూసుకోకుండా తాళం వేసేశారు. పొద్దున్న గానీ తియ్యలేదు. ఆ కింద దారులూ అవీ... నావల్ల కాదేమో."

పెద్దకోడలు నవ్వేసింది. గట్టిగానే నవ్వింది. "నలభై దాటాయి, ఇంకా చీకటి భయమా? నేనుంటాగా! చెయ్యి పట్టుకుంటా. బయటికొచ్చేదాకా వదలను."

"నిజంగా?"

"నీ మీద ఒట్టు."

కొండ ఊరికి టిక్కెట్లు చిన్నకోడలే తీసింది.

ఊరు బాగానే ఉంది. అరిగిపోయిన రాళ్ళు పరిచిన వీధులు, చేతులు చాస్తే రెండు పక్కలా గోడలు తగిలే సందులు, ఎత్తులో చిన్న చిన్న కిటికీలు. చలికాలం కావడంతో పొద్దు తొందరగా వాలిపోయింది. దీపాలు వెలిగే వేళకి కొండ పక్కనున్న ఇనపతలుపు దగ్గర జనం పోగయ్యారు. గైడు సన్నగా పొడుగ్గా ఉన్న ఆడమనిషి, చేతిలో లాంతరు. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పుకుపోయింది. ఆ రోజుల్లో పొగ కనబడితే శత్రువుకి ఆచూకీ దొరుకుతుందని దీపం వెలిగించేవాళ్ళు కాదట. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చీకట్లోనే నడిచేవాళ్ళట. వరస చివరివాళ్ళు అలసిపోయి చెయ్యి వదిలేస్తే, వెతకడానికి ఎవరూ వెనక్కి వెళ్ళేవాళ్ళు కాదట.

"మనమూ అలాగే నడుస్తాం," అంది గైడు. "సగం దారిలో లాంతరు ఆర్పేస్తాను. చేతులు వదలకండి. చివరి మనిషి ఖాళీ చేతిని గోడకి ఆనించి నడవండి."

"చివర నేనుంటా," అంది పెద్దకోడలు. అందరికీ వినబడేలా అంది.

లోపల గాలి బయటికంటే వెచ్చగా ఉంది. తడి రాయి వాసన, దాని వెనక ఎప్పుడో ఉతికి ఆరకుండా మడిచిపెట్టిన బట్టల్లాంటి వాసన. ఎక్కడో నీటిచుక్క పడుతోంది. ఇద్దరు పక్కపక్కన నడిచేంత దారి. చిన్నకోడలి ముందు మెడలో కెమెరా వేలాడేసుకున్న లావుపాటి ఆయన ఒకడు. చిన్నకోడలి కుడిచెయ్యి పెద్దకోడలి ఎడమచేతిలో ఉంది. ఆ అరచెయ్యి చెమటతో తడిసి, పిచ్చుకపిల్లలా కొట్టుకుంటోంది.

లాంతరు ఆరిపోయింది.

కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. వరస కదిలింది. చెప్పుల చప్పుడు, ఎవరిదో దగ్గు, ఎవరో ముసిముసిగా నవ్వడం.

"అక్కా, ఉన్నావా?"

"ఉన్నాన్లే, నడు."

పెద్దకోడలు కుడిచెయ్యి గోడకి ఆనించి నడుస్తోంది. రాయి గరుకు. తర్వాత నునుపు. తర్వాత తడి. ఒకచోట గోడ లోపలికి పోయింది. గూడు కాబోలు అనుకుంది. చెయ్యి ఖాళీలోకి వెళ్ళింది...

ఖాళీ ఆమె చేతిని పట్టుకుంది.

ముందు అది గోడే అనుకుంది. రాయికి వేళ్ళుండవు. ఒక్కొక్క వేలూ వచ్చి ఆమె వేళ్ళ మధ్య సర్దుకుంది. గట్టిగా కాదు. ఎంతోసేపు ఎదురుచూసినవాళ్ళు నెమ్మదిగా పట్టుకున్నట్టు. వెనక ఇంకెవరో ఉన్నారేమో! ఆలస్యంగా వచ్చి కలిశారేమో... కానీ వెనక అడుగుల చప్పుడు లేదు. ఊపిరి లేదు. అలవాటు కొద్దీ ఆమె బొటనవేలు ఆ మణికట్టు మీదికి పోయింది. నాడి ఎక్కడుంటుందో ఆ వేలికి తెలుసు. అక్కడ నొక్కింది. ఇంకా నొక్కింది.

ఏమీ లేదు.

అరవాలనిపించింది. అరిస్తే అందరూ వింటారు. చీకటి భయమా అని నవ్విన మనిషి, చివర నేనుంటా అన్న మనిషి అరవడమా! చెయ్యి లాక్కోబోయింది. రాలేదు. ఇంకోసారి లాగింది. ఆ చెయ్యి కూడా ఆమెతోపాటే ముందుకొచ్చింది.

"అక్కా, ఎందుకు ఆగావు?"

అప్పుడు చేసింది ఆ పని. ఆలోచించి చేసిందా అంటే, చేసింది. రెండు చేతుల్నీ దగ్గరికి తెచ్చింది. కుడిచేతిని పట్టుకున్న ఆ వేళ్ళని చిన్నకోడలి అరచేతికి తాకించింది. తాకగానే అవి వదులయ్యాయి, కొత్త చేతిని తడుముకున్నాయి. చిన్నకోడలు అదే అక్క చెయ్యనుకుని గట్టిగా పట్టుకుంది. పెద్దకోడలు తన రెండు చేతులూ జార్చేసుకుంది.

ఎడమ గోడకి వీపు ఆనించి, ఊపిరి బిగబట్టి, తోటికోడల్ని రాసుకోకుండా దాటింది. తర్వాత పరుగు. కెమెరా ఆయన భుజానికి గుద్దుకుంది. ఎవరో తెలియని భాషలో తిట్టారు. వెనకనుంచి చిన్నకోడలి గొంతు వినబడింది.

"అక్కా, ఉన్నావా?"

పెద్దకోడలు పలకలేదు.

"ఉన్నాన్లే, నడు," అంది చీకట్లో ఒక గొంతు.

అది పెద్దకోడలి గొంతే.

బయట వీధిదీపాలు వెలుగుతున్నాయి. రాతి బెంచీ మీద ఎవరో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. ఆమె మోకాళ్ళ మీద చేతులు ఆనించి నిలబడింది. లోపలికి వెళ్ళాలి. ఇప్పుడే వెళ్ళాలి. కాళ్ళు కదల్లేదు. ఆ తర్వాత రోజుల్లో ఎన్నిసార్లు తల్చుకున్నా ఆమెని ఎక్కువగా కాల్చేది ఇదే. లోపల చేసింది భయంతో చేసింది. బయట, వెలుగులో, మనుషుల మధ్య నిలబడి కూడా లోపలికి వెళ్ళలేదు.

గైడు బయటికొచ్చింది. ఆ వెనక ఒక్కొక్కరూ వచ్చారు. కెమెరా ఆయన ఉరిమి చూసి పోయాడు. చిట్టచివర చిన్నకోడలు వచ్చింది. కుడిచెయ్యి వెనక్కి చాచి ఉంది. గుమ్మం దాటాక ఆ చెయ్యి మెల్లగా కిందికి దిగింది. మొహంలో భయం లేదు. నవ్వుతోంది. పెద్దకోడల్ని ఎదురుగా చూసి ఆగిపోయింది.

"అదేంటి, నువ్వు ముందెలా వచ్చావు? ఇప్పుడే కదా వదిలావు?"

"పక్కనుంచి వచ్చాను," అంది పెద్దకోడలు.

"అబ్బ, ఎంత చల్లగా ఉందక్కా నీ చెయ్యి! నాకంటే నువ్వే భయపడ్డావేమో అనుకున్నా." వచ్చి కౌగిలించుకుంది. "అయినా వదల్లేదు చూడు. నువ్వు లేకపోతే అక్కడే పడిపోయేదాన్ని."

"ఛ, ఊరుకో," అంది పెద్దకోడలు. నిజం చెప్పడానికి అదే సమయం. ఆ సమయం దాటిపోయింది.

ఇంటికొచ్చాక చిన్నకోడలు ఆ కథ అందరికీ చెప్పింది. మొగుడికి, బావగారికి, బళ్ళో టీచర్లకి. "మా అక్క చివర నిలబడి, నా చెయ్యి బయటిదాకా వదల్లేదు తెలుసా!" మరిది కూడా వేళాకోళం మానేసి, "వదిన మాటంటే మాటే," అన్నాడు. పెద్దకోడలు ప్రతిసారీ వంటింట్లోకి పోయి కుళాయి తిప్పేది.

కొన్ని వారాలకి చిన్నకోడలు నీరసంగా ఉందంటూ ల్యాబుకి వచ్చింది. పెద్దకోడలు కుర్చీలో కూర్చోబెట్టి కుడిచెయ్యి చాపమంది. పైన రబ్బరు పట్టీ కట్టింది. మణికట్టు వెచ్చగా ఉంది. నాడి చక్కగా కొట్టుకుంటోంది. ఎన్నో రోజుల తర్వాత పెద్దకోడలి గుండె తేలికపడింది.

"పిడికిలి బిగించు," అంది.

వేళ్ళు సగందాకా ముడుచుకుని ఆగిపోయాయి.

"ఇంకొంచెం గట్టిగా."

"ఇంతకంటే మూసుకోదక్కా. ఆ ఊరినుంచి వచ్చినప్పట్నుంచీ ఇంతే. సుద్దముక్క కూడా ఎడమచేత్తోనే పట్టుకుంటున్నా." చిన్నకోడలు నవ్వింది. "నొప్పేం లేదు. మధ్యలో ఏదో ఉన్నట్టుంటుంది, అంతే."

పెద్దకోడలు ఆ సగం పిడికిలిలోకి తన వేలు పెట్టి చూసింది. వేలు దూరలేదు. కంటికి ఖాళీయే. చల్లగా ఉంది.

"ఎడమచెయ్యి ఇవ్వు," అంది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి సూది రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది.

ఆ నెల్లోనే పెద్దకోడలు ఇంట్లో ల్యాబు పని మీద ఊరెళ్తున్నానని చెప్పి ఒక్కతే ఆ కొండ ఊరు వెళ్ళింది. అదే గైడు, అదే ఇనపతలుపు. వరస చివర నిలబడింది. లాంతరు ఆరాక గోడ తడుముకుంటూ పోయి, గూడు తగిలినచోట చెయ్యి లోపలికి పెట్టింది.

"తప్పు నాది," అంది గుసగుసగా. "నా చెయ్యి తీసుకో. దాన్ని వదిలెయ్."

చాలాసేపటికి వేళ్ళు వచ్చాయి. ఆమె అరచేతిని తడిమాయి. బొటనవేలు, చూపుడువేలు, మణికట్టు... ఒక్కొక్కటీ నొక్కి చూశాయి. నరం సరిగ్గా దొరకని చేతిని ఆమె ల్యాబులో ఎలా పక్కన పెడుతుందో, అలాగే పక్కన పెట్టి వెళ్ళిపోయాయి.

బయటికొచ్చేసరికి ఫోను మోగుతోంది.

"అక్కా, విచిత్రం విను! ఇందాక కాసేపు నా చెయ్యి మామూలుగా అయిపోయింది. పిడికిలి పూర్తిగా మూసుకుంది. ఇదిగో, ఆయన కూడా చూశారు. అంతలోనే మళ్ళీ..." చిన్నకోడలి గొంతు తగ్గింది. "నీకెందుకో చెప్పాలనిపించింది. ఎక్కడున్నావు?"

"ల్యాబు పనిలో," అంది పెద్దకోడలు.

అప్పట్నుంచీ ఏటా చలికాలంలో వెళుతోంది. ఇంట్లో ఊరు ఎంచేటప్పుడు మాత్రం నోరు విప్పదు. చిన్నకోడలు చెప్పిన సముద్రపు ఊళ్ళన్నీ చూసొచ్చారు. ఆ గూట్లో చెయ్యి పెట్టినప్పుడల్లా వేళ్ళు వస్తాయి, తడుముతాయి, వద్దనుకుని వెళ్ళిపోతాయి. ఆ కాసేపూ తోటికోడలి పిడికిలి మూసుకుంటుంది. అంతకుమించి ఆమె చేయగలిగిందేమీ లేదు.

పోయిన చలికాలం ఆ గూట్లోంచి వచ్చినవి రెండు చేతులు. మొదటిది ఎప్పటిలాగే తడిమి వెళ్ళిపోయింది. రెండోది ఆగింది. వెచ్చగా ఉంది. ఆ మొదటి సాయంత్రం తోటికోడలి అరచెయ్యిలాగే చెమటతో తడిసి ఉంది. బొటనవేలితో నొక్కి చూస్తే మణికట్టులో నాడి గబగబా కొట్టుకుంటోంది.

అది ఎవరిదని ఆమె అడగలేదు. ఈసారి వదలకూడదనుకుంది. ఆ చేతిని పట్టుకుని నడిచింది. ముందు వెలుగు కనబడేదాకా వదల్లేదు.