ఒక్కరి బరువు

రెండువేల ఇరవై ఐదు, మార్చి పదహారు, ఆదివారం, ఉదయం ఏడున్నర. స్థలం సూర్యాపేటలో ఇంటి ముందరి సిమెంటు గచ్చు. హాజరైనవారు: పనిచేసే రెడ్యా, ఆయన భార్య కమ్లి, బండి నడిపే కూతురు యమున. ఈ వివరాలను రెడ్యా పనికి పూనుకోకముందే ఒక తెల్లకాగితం మీద రాసి, గాలికి ఎగరకుండా దానిపై పానా పెట్టాడు. మిర్యాలగూడ రైస్ మిల్లులో ఆయన ముప్పై ఒక్క ఏళ్లు ఫిట్టరుగా పనిచేశాడు. అక్కడ ఏ యంత్రాన్ని విప్పి బిగించినా ఇటువంటి కాగితం రాయడం, చివర యంత్రం నడిపే మనిషి చేత సంతకం చేయించడం ఆనవాయితీ. సంతకమైన తరువాత ఆ యంత్రం ఇక ఫిట్టరుది కాదు.

బండి యమునది. ఏడాదిన్నర వయసులో వచ్చిన పోలియో ఆమె ఎడమకాలి బలాన్ని తీసుకుపోయింది. వెనుక ఇరువైపులా చక్రాలు అమర్చిన ఆ స్కూటరు మీదే ఆమె మూడేళ్లుగా పట్టణంలోని ఒక కార్యాలయానికి కంప్యూటర్ ఆపరేటరుగా వెళ్లివస్తోంది. వెనుక సీటు మీద రెడ్యా ఉంటాడు. ఆమె పని ముగిసేదాకా ఆయన ఆఫీసు మెట్ల మీద కూర్చుంటాడు. ఇప్పుడు ఆమెకు పక్క మండలం పెన్‌పహాడ్‌కు బదిలీ అయింది, మరునాడే చేరాలి. ఆ దారిలోని గుంతలకు పక్కచక్రాల కుదుపును మింగే పాత షాకబ్జర్లు ఆగవని, కోదాడ దుకాణం నుంచి ఆమె కొత్త గ్యాస్ షాకబ్జర్ల జత తెప్పించుకుంది.

“జాకీ సరిగ పెట్టినవా? బండి మీద పడితే నిన్ను లేపుడు నాతోని కాదు,” అంది కమ్లి, చాయ్ గ్లాసు గచ్చు అంచున పెడుతూ.

“పడదు తియ్. గా టార్చి జర ఇటు కొట్టు.”

“పట్టపగలు టార్చి ఏంది?”

“బండి కిందికి నీ మొగుడు దూరిండు గని సూర్యుడు దూరలే.”

యమున నవ్వింది, వాళ్లిద్దరూ నవ్వారు. ఆ ఉదయం ముగ్గురూ కలిసి నవ్వింది అదొక్కసారే.

రెడ్యా ఒక్కొక్క వైపే విప్పాడు. రెండూ ఒకేసారి విప్పితే బండి కూలబడుతుంది. కుడివైపు కింది బోల్టు తుప్పుకు కరుచుకుపోయింది. కిరోసిన్ పోసి, చాయ్ తాగి, మళ్లీ పట్టాడు. పది గంటలకు కొత్తవి రెండూ ఎక్కాయి. బోల్టుల ఆఖరి బిగింపు మాత్రం బండి నేల మీద నిలిచాకే చేశాడు. తరువాత యమునను కూర్చోబెట్టి, తాను వెనుక కూర్చున్నాడు. కమ్లి టేపు పట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఎడం కొలిచింది. ఆయన దిగి, స్ప్రింగు కింది ఉంగరంలాంటి కట్టును తిప్పి రెండువైపులా నాలుగో మెట్టుకు ఎక్కించాడు. మెట్టు పెరిగినకొద్దీ స్ప్రింగు గట్టిపడి ఎక్కువ బరువుకు ఆగుతుంది.

యమున ఒక్కతే సందు చివరిదాకా వెళ్లింది. మలుపులో స్పీడుబ్రేకరు మీద బండి ఎగిరిపడిన చప్పుడు ఇంటిదాకా వినిపించింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె ఒక చెయ్యి నడుము మీద ఉంది. పక్కన తగిలించిన చేతికర్ర లేదు. కమ్లి వెళ్లి రోడ్డు మీంచి తెచ్చింది.

“పాతయే నయం బాపూ. నడుం ఇరిగింది.”

“కొత్తయి గద. నడుస్తుంటే లొంగుతయ్.”

ఆమె కర్ర పట్టుకుని బండి దిగింది. గచ్చు మీది కాగితాన్ని తీసుకుని చదివింది. మిల్లు కాగితాల్లో యంత్రం మోసే బస్తాల సంఖ్య రాసే వరుస ఒకటి ఉండేది. ఆ వరుసలో రెడ్యా ‘బరువు: ఇద్దరు’ అని రాశాడు.

“ఇద్దరెవరు?”

రెడ్యా పానాను గుడ్డతో తుడుస్తున్నాడు.

“నిన్నే, బాపూ. రేపు పెన్‌పహాడ్‌కు పోయే ఇద్దరెవరు?”

“నేనూ వస్త. గాడ మెట్లు లేవా, కూసోనికి?”

“ఉన్నయ్. అందుకే భయం.” ఆమె గొంతు పెరగలేదు. “మూడేండ్లు నువ్ మెట్ల మీద కూసుంటే సార్లు నీకు చాయ్ ఇచ్చిన్రు. నాకు పనియ్యలే. పెద్దాయన ఎదురు సూస్తున్నడు, ఇంటికి పో అమ్మా అని మూడింటికే పంపిన్రు. ఊర్లు తిరిగే పని ఒక్కనాడు నాకు చెప్పలే. ఈ బదిలీ వాళ్లు వెయ్యలే బాపూ. నేనే అడుక్కున్న.”

రెడ్యా చేతిలోని గుడ్డ ఆగింది.

“అడుక్కున్నవా?” అన్నాడు. “మూడేండ్ల కింద మార్కెట్ మూల మీద వానల పడ్డనాడు అరగంట బండి కింద ఉన్నవ్. ఎవ్వడన్న ఆగిండా? నేను మిర్యాలగూడల మిల్లుల ఉన్న. గా నెలనే కొలువు ఇడిసిపెట్టిన. ఎందుకు ఇడిసిపెట్టిన్నో ఎరుకేనా నీకు?”

“ఎరుకే. పడ్డ. తర్వాత లేచిన గూడ. కర్ర పట్టుకొని, బండి లేపి, స్టార్ట్ చేసి ఇంటికొచ్చిన. పడ్డదే నీకు చెప్పిన్రు. లేచింది నువ్ సూడలే.”

ఇంతసేపూ గుమ్మం దగ్గర నిలబడిన కమ్లి వచ్చి భర్త పక్కన కూర్చుంది.

“మిల్లుల మిషన్ బాగుచేసి ఒప్పజెప్పినంక గాడ నిలబడేటోడివా?” అని అడిగింది.

“ఎందుకు నిలబడ్త? ఫిట్టర్ మిషన్ కాడ నిలబడ్డడంటే పని సరిగ చెయ్యలేదన్నట్టు.”

ఆ మాట అని ఆయన బండి వెనుక సీటు వైపు చూశాడు. రెడ్యా కళ్లు తుడుచుకోబోయి, చేతికి నల్లటి గ్రీజు ఉందని చూసి, భుజంతో తుడుచుకున్నాడు. తరువాత లేచి మళ్లీ జాకీ పెట్టి, కట్టును వెనక్కి తిప్పాడు.

“కూసో బిడ్డా,” అన్నాడు పని ముగిశాక. “నువ్వొక్కదానివే కూసో.”

ఈసారి టేపు ఆయనే పట్టాడు. కట్టు రెండో మెట్టు మీద నిలిచింది. యమున బండి తీసుకుని సందు మలుపు దాటి, పెన్‌పహాడ్ దారి వైపు వెళ్లింది. రెడ్యా గేటు దాకా వెళ్లలేదు. గచ్చు మీద కూర్చుని పానాలను వరుసగా పెట్టెలో సర్దసాగాడు. కమ్లి మాత్రం గేటు పట్టుకుని నిలబడింది.

“స్పీడుబ్రేకర్ చప్పుడు రాలే,” అంది.

“రాదు,” అన్నాడాయన తల ఎత్తకుండా.

నలభై నిమిషాలకు యమున తిరిగి వచ్చింది. కర్ర ఎక్కడ తగిలించిందో అక్కడే ఉంది. అప్పుడు రెడ్యా కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని, ‘ఇద్దరు’ అన్న మాటను ఒకే గీతతో కొట్టేసి, పక్కన ‘ఒక్కరు’ అని రాసి, కింద సంతకం చేశాడు. పెన్ను కూతురికి అందించాడు. ఆమె నడిపేవారి వరుసలో సంతకం చేసింది. ఆయన సిరా ఆరేదాకా ఆగి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ కవరులో వేసి, బండి సీటు ఎత్తి లోపల పెట్టాడు. సీటు మూసి తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.