మూడొందల అరవై కిలోమీటర్ల గడువు

విమానం రాజమండ్రిలో లేచి ఇరవై రెండు నిమిషాలైంది. హైదరాబాద్‌కి గాల్లో దాదాపు మూడొందల అరవై కిలోమీటర్లు. గంటా అయిదు నిమిషాల ప్రయాణం.

ఏజెంట్ క్రాంతికుమార్‌కి అంత టైమ్ లేదు. నలభై అయిదో నిమిషంలో విమానం కిందికి దిగడం మొదలెడుతుంది. మొబైల్ సిగ్నల్ అందగానే, విమానంలో దాచిన చిప్ నలభై మంది గూఢచారుల పేర్లు శత్రువుకు పంపేస్తుంది. మొదటి పేరు సువర్ణ. అతని భార్య. ఇప్పుడు శత్రుదేశపు రేవులో నర్సు వేషంలో ఉంది.

విమానం ఎక్కిన ముఠా మనిషి తనవాళ్ళకి పంపిన సందేశం మధ్యలో దొరికింది: ‘పూతరేకుల్లో పెట్టాను. పెట్టెలు వెతికినా, విమానం దారి మళ్ళినా రిమోట్ నొక్కుతాను. విమానమే ఉండదు.’

లోపల తమవాళ్ళు ఇద్దరే. ముందు వరసలో ఆపరేషన్ చీఫ్ సత్యశ్రీ. నవ్వుతూనే మూడు ముఠాల్ని పట్టించిన అందగత్తె. చివరి వరసలో ఆమె జూనియర్, అమలాపురం హేమంత్. అతని శాటిలైట్ ఫోన్ లైన్లోనే ఉంది.

ఆత్రేయపురంలో రేకులు చుట్టే సావిత్రి ముందు క్రాంతికుమార్ ట్యాబ్ పెట్టాడు. ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీలో మూతలు తెరిచి తీసిన ఫొటోలు. నలభై ఒక్క పెట్టెలు. ఏది ఎవరిదో ఎవరూ రాసుకోలేదు.

“ఇది లక్ష్మీదుర్గ గారి చేతి పనండి. ఇది మా తోటికోడలిది. మడత వదులు, చెబితే వినదు. ఇది నాదే.”

“త్వరగా, సావిత్రిగారూ!”

“ఆయ్, చూస్తన్నానండీ. కంగారు పడితే కళ్ళు కనపడవు.”

ముప్ఫై మూడో ఫొటో దగ్గర ఆమె వేలు ఆగింది.

“ఇది మా ఊరి చెయ్యి కాదండీ. ఎడంచేత్తో చుట్టేరు.”

“ఎవరు?”

“నిన్న ఒకావిడ నేర్చుకుంటానని వచ్చేరండి. ఎవరి తాలూకమ్మా అంటే కాకినాడ అన్నారు. వద్దన్నా వినకుండా కాలే కుండ మీద రేకు తియ్యబోయేరు. ఎడం మణికట్టు చుర్రుమంది. తేనె రాసి పంపేను.”

ముప్ఫై ఎనిమిదో నిమిషం.

“హేమంత్! టాయిలెట్‌కి వెళ్తున్నట్టు నడు. ఎడమ మణికట్టు కాలిన ఆడమనిషి. చేతిలో రిమోట్ ఉండొచ్చు.”

అడుగుల చప్పుడు. ముప్ఫై తొమ్మిది. నలభై. నలభై ఒకటి.

“ఎవరూ లేరు సార్.”

“గాజుల కింద చూశావా? వాచీల కింద?”

“అందరివీ చూసేను సార్. మనవాళ్ళవి తప్ప.”

క్రాంతికుమార్‌కి సువర్ణ ముఖం కళ్ళ ముందు మెదిలింది.

“మనవాళ్ళవీ చూడు.”

నలభై మూడు. ఒక్కసారిగా కేక. ఏదో నేలమీద పడి దొర్లింది. ఎవరో ఏడుస్తున్నారు. నలభై నాలుగు.

“హేమంత్! హేమంత్!”

రొప్పుతున్న గొంతు వినిపించింది. “రిమోట్ లాగేసేను సార్. చిప్ విరిచేసేను. చొక్కా చేతి కింద కట్టు, కట్టు కింద కాలిన పుండు.”

“ఎవరు? పేరు చెప్పు, రికార్డవుతోంది.”

అలవాటైన మర్యాద అప్పుడు కూడా హేమంత్‌ని వదల్లేదు.

“సత్యశ్రీ గారండీ.”