పెద్దయ్యగారి రేకు పెట్టె

ఆ ఆంగ్లికన్ చర్చిలో అయ్యగారు అంగీ మార్చుకునే గది ఉందే... సాయంకాల ప్రార్థన అయ్యాక అందులోకి ఒంటరిగా ఎవరూ వెళ్ళరు. లోపల కలం గీస్తున్న చప్పుడు వినిపిస్తుందట. అక్కడ గంట కొట్టే మా మామయ్య చెప్పాడు. ఆయన కోతలు కోసే మనిషి కాదు, కోసినా నా దగ్గర దొరికిపోతాడు.

పెద్దయ్యగారు ముప్ఫై ఏళ్ళు అక్కడే గురువుగా చేసి, అక్కడే కన్నుమూశారు. ఆయన ప్రసంగాలన్నీ ఆ గదిలో ఒక రేకు పెట్టెలో ఉన్నాయి. చెప్పిన ప్రతిసారీ కాగితం పైన తేదీ వేసి, జనం ఎలా విన్నారో ఓ ముక్క రాసుకోవడం ఆయనకు అలవాటు.

తర్వాత బిషప్పుగారు కొత్తయ్యగారిని పంపారు. రెండు చిన్న చర్చిల్లో పదేళ్ళు అరిగిపోయి, చివరికి పెద్ద చర్చి దొరికిందని సంబరపడ్డారు పాపం. ఏం లాభం? పెళ్ళి చేసినా, బిడ్డకు బాప్తిస్మం ఇచ్చినా ఒకటే మాట — "పెద్దయ్యగారైతేనా..." కట్టుకున్న భార్య కూడా ఓసారి అనేసింది. ఆయన కడుపు రగిలిపోయింది. చచ్చిపోయిన మనిషి మీద అంత ఏడుపు నేనెక్కడా చూడలేదురా, అంటాడు మామయ్య.

ఒక శనివారం కొత్తయ్యగారు పెట్టె తెరిచి, అట్టడుగున ఉన్న ప్రసంగాన్ని గబగబా తన పుస్తకంలోకి ఎత్తి రాసుకున్నారు. పైనున్న తేదీ వంక చూడను కూడా లేదు. కాగితం మళ్ళీ లోపల పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు.

ఆదివారం అది చదివితే ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. గుమ్మం దగ్గర ఒక్కొక్కరూ ఆయన చెయ్యి పట్టుకుని — "అచ్చం పెద్దయ్యగారిని విన్నట్టే ఉందండీ."

ఆ రాత్రి అందరూ వెళ్ళిపోయాక, మామయ్య దీపాలు ఆర్పుతుంటే... గదిలో కలం గీస్తున్న చప్పుడు. బర... బర... ఆగిపోయింది.

"దీపం పట్టు," అన్నారు పక్కనే ఉన్న కొత్తయ్యగారు, గుసగుసగా. "ఆ కాగితం చింపి పారేస్తాను."

తాళం తీశారు. కాగితం పైన ముప్ఫై ఏళ్ళు దాటిన తేదీ. పక్కనున్నది పైకే చదివారు — "ఎవరికీ నచ్చలేదు. నా ముందున్న అయ్యగారినే తలుచుకున్నారు. ఒళ్ళు మండింది."

"ఈయనకూ నాలాగే..." అని నవ్వబోయారు.

దాని కింద ఇంకో వరుస ఉంది. అదే చేతిరాత. ఆ ఆదివారం తేదీయే.

"రాసింది నువ్వేనా?"

"నాకు అక్షరం ముక్క రాదండీ... ఏమనుంది?"

కొత్తయ్యగారు వేలితో తాకారు. సిరా అంటుకుంది. ఆ వేలు అంగీకి తుడుచుకుంటూ చదివారు —

"ఇవాళ అందరూ నన్నే తలుచుకున్నారు. హాయిగా ఉంది."